కొమ్మలేసిన చమురు బావులు

వోల్గా నదికీ ఉరల్ పర్వతాలకీ నడుమ ఉన్న బష్కీరియాలో 1953లో ఒక బావి తవ్వారు. దాని నంబరు 66/45. పైనుంచి చూస్తే ఇరుగుపొరుగు బావులకూ దానికీ తేడా లేదు. అదే రిగ్గు, అవే గొట్టాలు. 575 మీటర్ల దాకా మామూలుగానే దిగింది. చమురున్న సున్నపురాయికి సరిగ్గా నెత్తిమీద ఆగి, అక్కణ్నుంచి తొమ్మిది కొమ్మలు వేసింది. పక్క బావులతో పోలిస్తే ఖర్చు ఒకటిన్నర రెట్లయింది. చమురు పదిహేడు రెట్లు వచ్చింది. చుట్టుపక్కల బావులు రోజుకు 7 ఘనమీటర్లు ఇస్తున్నచోట ఇది 120 ఇచ్చింది.

ఒకటిన్నర పెడితే పదిహేడు. ఇలాంటి లెక్క కళ్లముందుంటే ఏ పరిశ్రమైనా ఎగబడాలి. చమురు పరిశ్రమ ఎగబడలేదు. దాదాపు నలభై ఏళ్లు ఆ లెక్కను పక్కన పెట్టేసింది. బహుశాఖల బావుల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా ఈ నలభై ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేసి, తర్వాత వచ్చిన విజయాలకు వెళ్లిపోతారు. నాకు మాత్రం ఆ విరామంలోనే అసలు విషయం ఉందనిపిస్తుంది. కొమ్మ వేయడం 1953కే చేతనైంది. కొమ్మ చీలేచోటు కూలకుండా నిలబెట్టడం, ఏ కొమ్మలోంచి ఎంత రావాలో పైనుంచి శాసించడం అప్పటికి చేతకాలేదు. ఆ తర్వాతి చరిత్రలో ఎక్కువ భాగం ఈ రెండు పనుల కోసం జరిగిన ప్రయాసే.

ముందు, నిటారు బావితో వచ్చిన ఇబ్బందేమిటో చూడాలి. 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో ఎడ్విన్ డ్రేక్ 69 అడుగుల పైచిలుకు లోతున చమురు కనుక్కున్నాడు. అప్పటినుంచి బావి అంటే నిటారుగా దిగే రంధ్రమే. కానీ చమురు ఉండేది రాతి పొరల్లో, రాతిలోని సన్నటి రంధ్రాల్లో. ఆ పొరల మందం పదుల మీటర్లుంటే, విస్తీర్ణం కిలోమీటర్ల మేర ఉంటుంది. నిటారు బావి ఆ పొరను దాని అతి చిన్న కొలత వెంట, అంటే మందం వెంట, గుచ్చి వదిలేస్తుంది.

రాతిలోంచి ద్రవం ఎలా పారుతుందన్న సూత్రాన్ని ఫ్రాన్స్‌లోని దిజోన్ నగరానికి మంచినీళ్లు తెచ్చిన హెన్రీ డార్సీ 1856లోనే చెప్పాడు. డ్రేక్ బావికి అది మూడేళ్లు ముందు. దాన్ని బావికి అన్వయిస్తే తేలేదేమిటంటే, నాలుగు దిక్కులనుంచీ వచ్చే చమురంతా చివరికి జానెడు రంధ్రంలో దూరాలి కాబట్టి ఒత్తిడిలో పెద్ద భాగం బావి చుట్టూ ఉన్న కొద్ది మీటర్లలోనే ఖర్చయిపోతుంది. సరే, రంధ్రం వెడల్పు చేద్దామా? మామూలు కొలతల్లో బావి వ్యాసాన్ని రెట్టింపు చేస్తే ఉత్పత్తి పెరిగేది పది శాతం లోపే. అదే బావిని పొరలోకి వంచి పొడవునా పరిస్తే, రాతితో దాని స్పర్శ పదుల రెట్లు పెరుగుతుంది. ఒత్తిడిని అంతగా పీల్చక్కర్లేదు. ఈ రెండో లాభాన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. చమురు పొర పైన గ్యాసు, కింద నీరు ఉండటం తరచూ జరిగేదే. బావి గట్టిగా లాగితే పైనుంచి గ్యాసు గరాటులా కిందికి దిగుతుంది, కిందినుంచి నీరు శంకువులా పైకి లేస్తుంది. ఒకసారి నీరు దారి చేసుకుందంటే చమురు చుట్టూ మిగిలిపోయినా బావిలోకి నీరే వస్తుంది. పొడవైన బావి నెమ్మదిగా లాగుతుంది. నెమ్మదిగా లాగినా పొడవు వల్ల మొత్తం ఎక్కువే వస్తుంది.

ఈ సంగతి చమురువాళ్ల కన్నా నీళ్లవాళ్లకు ముందే తెలుసు. బావి అడుగున అడ్డంగా తొలుచుకుపోవడం రాయలసీమ రైతులకు కొత్త కాదు. ఊట తగ్గిన దిగుడుబావిలో దిగి గోడల్లోకి సైడుబోర్లు వేయించడం అక్కడ ఒక తరం పాటు సాగిన పనే. చమురులో అదే ఊహ పట్టుకున్నవాడు అమెరికాకు చెందిన లియో రానీ. 1929లో టెక్సస్‌లోని టెక్సన్ దగ్గర మొదటి అడ్డబావుల్లో ఒకటి పడింది. లోతుగా ఒక కూపం తవ్వి, దాని అడుగునుంచి చక్రం ఆకుల్లా నలువైపులా అడ్డరంధ్రాలు వేయాలన్నది రానీ పట్టుబట్టిన ఆలోచన. చమురు చౌకైపోవడంతో చమురు తవ్వకంలో అది నడవలేదు. అదే ఆలోచనను ఆయన నదీతీరాల ఇసుకలోంచి మంచినీళ్లు తీయడానికి మళ్లించాడు. ఢిల్లీలో యమున ఒడ్డున ఇప్పటికీ నగరానికి నీళ్లిస్తున్న రానీ బావులకు ఆ పేరు రాణులవల్ల వచ్చింది కాదు.

సోవియట్ ఉత్తరాన, కోమీ ప్రాంతంలోని యారెగాలో ఇంకా మొరటు మార్గం పట్టారు. జిగట చమురున్న పొరకు 1939 నుంచి బొగ్గుగనిలాంటి గనే తవ్వేసి, సొరంగాల్లోంచి పొరలోకి రంధ్రాలు వేశారు. ఆ గనుల తొలి కూలీల్లో ఎక్కువమంది నిర్బంధ శ్రమ శిబిరాల ఖైదీలు.

వంకర బావుల కథ ఇంకో దారిలో సాగింది, ఆ దారి కొంత దొంగదారి కూడా. కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ బీచ్‌లో 1930ల్లో ఒడ్డున రిగ్గు పెట్టి సముద్రం అడుగుకు వాలుగా తవ్వేవారు. 1934లో టెక్సస్‌లోని కాన్రోలో ఒక బావి అదుపు తప్పి మండుతుంటే, జాన్ ఈస్ట్‌మన్ పక్కనుంచి వాలుబావి వేసి దాన్ని అడుగున అందుకుని అణిచాడు. 1995లో రెండు నెలలకు పైగా మండిన కోనసీమ పాశర్లపూడి బావిని చూసినవాళ్లకు ఆ పని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. ఈస్ట్ టెక్సస్‌లో మాత్రం పొరుగువాడి పొలం కిందికి బావి వంచి చమురు లాగేవాళ్లు, 1962లో అది పెద్ద కుంభకోణంగా బయటపడింది. బావిని వంచడం ఎంత పాత విద్యో చెప్పడానికి ఆ దొంగతనమే పెద్ద సాక్ష్యం.

అలెగ్జాండర్ గ్రిగొర్యాన్ దగ్గరికి వద్దాం. 66/45 బావి ఆయనదే. సోవియట్ డ్రిల్లింగ్ పద్ధతి అమెరికన్ పద్ధతికి భిన్నం. అమెరికాలో పైన రిగ్గు మీద గొట్టాల వరుసనంతా తిప్పితే కింద రాయిని తొలిచే బిట్టు తిరిగేది. సోవియట్ ఉక్కు గొట్టాలు, వాటి కీళ్లు అంత మెలిక తట్టుకునేవి కావు. అందుకే మత్వేయ్ కపెల్యూష్నికోవ్ 1920ల మొదట్లో బాకూలో పనిచేయించిన టర్బోడ్రిల్లును అక్కడ పెంచి పోషించారు. గొట్టాల్లోంచి పంపిన బురద వేగానికి అడుగునున్న టర్బైను తిరుగుతుంది, టర్బైనుతోపాటు బిట్టు తిరుగుతుంది, పైనున్న గొట్టాలు మాత్రం నిశ్చలంగా ఉంటాయి. లోటు సర్దుకోవడానికి తెచ్చుకున్న ఈ పరికరమే బావిని వంచడానికి అద్భుతంగా పనికొచ్చింది. గొట్టం తిరగకపోతే దాని అడుగున ఒక వంపు పెట్టి కావలసిన దిక్కుకు నడిపించవచ్చు. గ్రిగొర్యాన్ 1941లోనే అజర్‌బైజాన్‌లో దీంతో బాగా వంగిన బావి వేశాడు. చమురు పొరలో బావి వ్యాసం పెంచితే ఉత్పత్తి పెరుగుతుందని యూరెన్ అనే శాస్త్రవేత్త వాదించేవాడు. గ్రిగొర్యాన్ ఆ వాదాన్ని ఒక అడుగు ముందుకు జరిపి, వ్యాసం పెంచే బదులు బావి ఆ పొరలో చెట్టు వేళ్లలా చీలాలన్నాడు, నేలలో చేసి చూపించాడు.

ఆ చెట్టు ఉపమానం అప్పటినుంచి ఈ విద్యను వదల్లేదు, నేను కూడా శీర్షికలో వాడేశాను. కానీ అది కొంత దారి తప్పిస్తుంది. చెట్టుకు కొమ్మ చీలేచోటు అన్నిటికన్నా గట్టి చోటు. బావికి అదే అన్నిటికన్నా బలహీనమైన చోటు.

66/45లో ఆ బలహీనత కనబడలేదు, ఎందుకంటే అక్కడి రాయి గట్టి సున్నపురాయి. కొమ్మలకు గొట్టం వేయకుండా, సిమెంటు పోయకుండా నగ్నంగా వదిలేసినా అవి కూలలేదు. అదే మెత్తటి ఇసుకరాతిలో అయితే వారం తిరక్కుండా పూడిపోయేవి. సోవియట్ దేశంలో తర్వాతి 27 ఏళ్లలో ఇలాంటి బావులు మరో 110 పడ్డాయి, వాటిలో 30 గ్రిగొర్యాన్ స్వయంగా వేసినవే. అంత పెద్ద దేశానికి అది చాలా చిన్న సంఖ్య. కారణం సాంకేతికం మాత్రమే కాదు. ప్రణాళికా వ్యవస్థలో డ్రిల్లింగు బృందాల పనిని కొలిచేది తొలిచిన మీటర్లతో. కొమ్మల బావిలో ఒక్కో మీటరుకు ఓపిక ఎక్కువ కావాలి, నెలాఖరు లెక్కలో ఆ ఓపికకు మార్కులు లేవు. పైగా 1965లో పశ్చిమ సైబీరియాలో సమోత్లోర్ లాంటి మహానిక్షేపం బయటపడ్డాక, ఒక్కో బావిని సానపట్టే అవసరమే కనబడలేదు. గ్రిగొర్యాన్ తర్వాత అమెరికా వెళ్లిపోయి లాస్ ఏంజెలిస్‌లో స్థిరపడ్డాడు.

ఈ విద్య అట్లాంటిక్ దాటే ప్రయత్నం ఇంకోచోట కూడా జరిగింది. అడ్డబావులు, బహుశాఖల బావుల నుంచి ఎంత చమురు వస్తుందో గణితంగా లెక్కగట్టిన బొరిసోవ్ పుస్తకం 1964లో మాస్కోలో అచ్చయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1984లో, ఓక్లహోమాలోని బార్టిల్స్‌విల్‌లో ఫిలిప్స్ పెట్రోలియం పరిశోధనశాల దాన్ని ఇంగ్లిషులోకి తెప్పించుకుంది. ఆ అనువాదానికి సంపాదకుడు భారతీయ మూలాలున్న ఇంజినీరు ఎస్. డి. జోషి. 1988లో ఆయన ప్రచురించిన సూత్రాన్ని ఇవాళ ప్రపంచంలో ఏ పెట్రోలియం ఇంజినీరింగ్ విద్యార్థి అయినా జోషి సమీకరణం పేరుతో నేర్చుకుంటాడు. వ్యవసాయ శాస్త్రంలోనూ వైద్యంలోనూ మనవాళ్ల పేర్లు ఏకరువు పెట్టే పత్రికలకు ఈ పేరు ఎందుకు అందలేదో నాకు ఆశ్చర్యం.

పడమటి దేశాల్లో అడ్డబావిని పట్టాలెక్కించింది ఫ్రెంచి కంపెనీ ఎల్ఫ్. 1973, 1979 చమురు సంక్షోభాల తర్వాత ధరలు పెరిగాయి, మొండి నిక్షేపాల మీద డబ్బు పెట్టడం గిట్టుబాటైంది. జాక్ బోసియో నాయకత్వంలో 1980లో నైరుతి ఫ్రాన్స్‌లోని లాక్‌లో ప్రయోగాలు చేశారు. 1982లో ఇటలీ తీరాన ఏడ్రియాటిక్ సముద్రంలోని రోస్పో మారేలో అసలు పరీక్ష జరిగింది. అక్కడిది గుహలు, పగుళ్లతో నిండిన సున్నపురాయి, చమురు బరువైనది, కింద నీరు. నిటారు బావులతో అది గిట్టదని తేలిపోయిన చోట అడ్డబావి నిక్షేపాన్నే బతికించింది. టెక్సస్‌లోని ఆస్టిన్ చాక్ పొరలో ఇంకో రకం అవసరం పుట్టింది. చమురంతా నిలువు పగుళ్లలో ఉంటే నిటారు బావి వాటి మధ్యనుంచి దిగిపోయేది, అడ్డబావి వాటిని వరసగా కోసుకుంటూ పోయింది. 1990 ప్రాంతానికి అక్కడ అడ్డబావుల జాతర. ఒకే నిలువు బావి అడుగునుంచి రెండు ఎదురెదురు దిక్కుల్లో కొమ్మలు వేయడం కూడా అక్కడే మామూలైపోయింది.

ఈలోగా బావి అడుగున ఏం జరుగుతోందో చూసే కన్ను వచ్చింది. 1970ల చివరికి, తొలుస్తుండగానే బావి ఎటు తిరిగిందో, ఎంత వాలిందో కొలిచి, బురదలో ఒత్తిడి తరంగాల రూపంలో ఆ సమాచారాన్ని పైకి పంపే పరికరాలు మార్కెట్లోకి దిగాయి. గ్రిగొర్యాన్‌కు ఇవి లేవు. ఆయన తరం తొలవడం ఆపి, కొలిచి, మళ్లీ తొలిచేది. 1990ల చివర్లో గొట్టాల వరుస తిరుగుతూనే ఉండగా బిట్టును నడిపించే రోటరీ స్టీరింగ్ వ్యవస్థలు వచ్చాక, రెండు మీటర్ల మందమున్న పొరలోనూ బిట్టును బయటికి పోనివ్వకుండా కిలోమీటర్ల దూరం తీసుకుపోవడం సాధ్యమైంది.

మిగిలింది జంక్షన్. కొమ్మ చీలేచోటును చమురువాళ్లు జంక్షనంటారు. బయటివాళ్లకు ఎందుకంత తలనొప్పో అర్థం కాని చోటు ఇదే కాబట్టి కాస్త ఆగుదాం. ప్రధాన బావికి ఉక్కు కేసింగ్ దించి, దాని చుట్టూ సిమెంటు పోస్తారు. కొమ్మ వేయాలంటే ఆ కేసింగ్ గోడలోనే కిటికీ కోయాలి. కిటికీ దగ్గర విప్‌స్టాక్ అనే ఉక్కు ఏటవాలు బల్ల దించి నిలబెడతారు. బిట్టు దాని మీద జారి పక్క గోడను తొలుచుకుని బయటికి పోతుంది. ఉక్కు తుక్కు ప్రధాన బావిలో రాలుతుంది. ఆ తుక్కు ఇరుక్కుని విప్‌స్టాక్ పైకి రాకపోతే కింది భాగమంతా చేజారినట్టే. కొమ్మ వేశాక దాంట్లోకీ గొట్టం దించాలి. ఆ గొట్టానికీ కిటికీ అంచుకీ మధ్య సందు మిగులుతుంది. ఆ సందులోంచి ఇసుక రావచ్చు, నీరు రావచ్చు, అక్కడి రాయి ఒత్తిడికి గొట్టం నలిగిపోవచ్చు. జంక్షన్‌ను మెత్తటి బంకమట్టి పొరలో పెడితే ఇది దాదాపు ఖాయం. అందుకే అనుభవజ్ఞుడైన డిజైనరు కొమ్మల గీత గీయక ముందే, జంక్షన్ పడేచోటున గట్టి రాయి ఎక్కడుందని అడుగుతాడు. కొమ్మలు ఎక్కడికి పోవాలన్నది ఆ తర్వాతి ప్రశ్న.

1990ల మొదట్లో కంపెనీలు తలో రకం జంక్షన్ చేసి, తలో పేరు పెట్టి అమ్ముకున్నాయి. ఏది దేనికి పనికొస్తుందో కొనేవాళ్లకు అంతుపట్టలేదు. షెల్ కంపెనీకి చెందిన ఎరిక్ డిగ్గిన్స్ చొరవతో 1997లో స్కాట్లండ్‌లోని ఎబర్డీన్‌లో పలు చమురు కంపెనీలు కలిసి టామెల్ అనే వేదికను ఏర్పరిచాయి. జంక్షన్లను ఆరు అంచెలుగా వర్గీకరించింది ఆ వేదికే. మొదటి అంచెలో అంతా నగ్నమే, 66/45 లాగా. రెండోదానిలో ప్రధాన బావికి కేసింగ్, సిమెంటు ఉంటాయి, కొమ్మ నగ్నం. మూడోదానిలో కొమ్మకూ గొట్టం ఉంటుంది కానీ జంక్షన్ దగ్గర సిమెంటు ఉండదు. నాలుగులో రెంటికీ సిమెంటు. అయితే సిమెంటు ఉన్నంత మాత్రాన ఒత్తిడికి ఆగుతుందన్న హామీ లేదు. ఐదులో లోపల దించిన ఉత్పత్తి గొట్టాలు, ప్యాకర్లు ఒత్తిడిని ఆపుతాయి, ఆరులో కేసింగే స్వయంగా ఆపుతుంది. అంచె పెరిగేకొద్దీ ఖర్చూ, బావిలో ఏదో ఒకటి ఇరుక్కుపోయే ప్రమాదమూ పెరుగుతాయి. ఆరో అంచె ఘనతగా చెప్పుకోవడానికి బాగుంటుంది, ఆచరణలో పరిశ్రమ ఎక్కువగా కింది అంచెలతోనే సరిపెట్టుకుంది. అది తెలివైన పనే.

ఈ కొత్త జంక్షన్లకు పరీక్షాస్థలం నార్వే. బెర్గెన్‌కు పశ్చిమాన, మూడు వందల మీటర్లకు పైగా లోతున్న సముద్రం కింద 1979లో ట్రోల్ నిక్షేపం దొరికింది. అపారమైన గ్యాసు. దాని కింద చాపలా పరుచుకున్న చమురు, మందం కొన్నిచోట్ల 22 నుంచి 26 మీటర్లు, కొన్నిచోట్ల 11 నుంచి 13 మాత్రమే. దాని కింద నీరు. ఆ చమురును తీయలేమని అప్పట్లో చాలామంది వదిలేసుకున్నారు. నిటారు బావి వేస్తే గ్యాసు దిగుతుంది, లేదా నీరు లేస్తుంది. నార్స్క్ హైడ్రో కంపెనీ పట్టు వదల్లేదు. చమురుకూ నీటికీ నడుమ ఉన్న సరిహద్దుకు కాస్త పైన, దాన్ని అంటిపెట్టుకుని అడ్డబావులు పరిచింది. 1995లో ఉత్పత్తి మొదలైంది. సముద్రగర్భంలో ఒక్కో బావి తలకు పెట్టే ఖర్చు భారీ కాబట్టి, ఒకే తల కింద రెండు మూడు కొమ్మలు, ఒక్కోటి కిలోమీటర్ల పొడవున, వేయడం అక్కడ పరిపాటైంది. వదిలేసుకున్న ఆ చమురే నార్వే తీరంలో అత్యధికంగా వచ్చిన చమురుల్లో ఒకటైంది.

అదే నార్వే తీరంలో, స్నోర్ నిక్షేపంలో, 1997లో మరో మలుపు. బావి అడుగున కవాటాలు పెట్టి, వాటిని పైనుంచి తెరిచి మూసే మొదటి 'స్మార్ట్' బావి అక్కడ పనిచేసింది. కొమ్మల బావికి ఇది ప్రాణావసరం. మూడు కొమ్మల్లో ఒకదానికి నీరు పట్టిందనుకోండి, కవాటం లేకపోతే ఆ ఒక్క కొమ్మ నీరే మిగతా రెండింటి చమురును వెనక్కి నెట్టేస్తుంది. నలుగురి సంపాదన ఒకే సంచిలో ఉన్నట్టే. మూడు వేర్వేరు బావులైతే ఒకటి పాడైనా రెండు మిగిలేవి. కవాటం వచ్చాక పాడైన కొమ్మను మూసేసి మిగతావాటితో బతకొచ్చు. 1953లో చేతకాని రెండో పని ఇలా తీరింది.

ఇక సౌదీ అరేబియా. రుబ్ అల్ ఖాలీ ఎడారిలో, దిబ్బలు కొండలంత ఎత్తున లేచే చోట, షైబా నిక్షేపం 1968లోనే దొరికినా 1998 దాకా ఉత్పత్తి మొదలు కాలేదు. మొదట కిలోమీటరు పొడవు అడ్డబావులతో మొదలుపెట్టారు. పొర పల్చన, పైన గ్యాసు. పొడవు పెంచుతూ పోయి, తర్వాత కొమ్మలు వేశారు. అక్కడి ఒక బావిలో ఎనిమిది కొమ్మలు, రాతితో మొత్తం స్పర్శ 12.3 కిలోమీటర్లు. అయిదు కిలోమీటర్లు దాటిన స్పర్శ ఉన్న బావులకు సౌదీ ప్రభుత్వ చమురు కంపెనీ అరాంకో ఇంజినీర్లు 'గరిష్ఠ స్పర్శ' బావులని ఒక వర్గమే ఏర్పరిచారు, దాని ముఖ్య ప్రచారకుడు నాన్సెన్ సలేరి. ఈ విద్య విలువ తూచడానికి ఘవార్ మహానిక్షేపం దక్షిణ కొసనున్న హరాద్ అన్నిటికన్నా మంచి తూకం. అక్కడ ఒకే పరిమాణంలో, రోజుకు 3 లక్షల బ్యారెళ్ల చొప్పున, మూడు దశలు కట్టారు. 1996లో నిటారు బావులతో, 2003లో అడ్డబావులతో, 2006లో కవాటాలున్న బహుశాఖల బావులతో. మూడో దశకు 32 ఉత్పత్తి బావులు సరిపోయాయి.

సరిగ్గా ఆ కాలంలోనే ఒక వివాదం రాజుకుంది. హ్యూస్టన్ పెట్టుబడి బ్యాంకరు మాథ్యూ సిమన్స్ అరాంకో ఇంజినీర్ల సొంత సాంకేతిక పత్రాలు చదివి, ఇవి ఎక్కువ చమురు తీసే బావులు కావు, ఉన్న చమురునే త్వరగా పీల్చే బావులన్నాడు. 2004 ఫిబ్రవరిలో వాషింగ్టన్‌లో అరాంకో నిపుణులు, సిమన్స్ ఒకే వేదికమీద ఎదురుపడ్డారు. ఆయన వాదనకు బలం ఒమన్‌లోని యిబాల్ నుంచి వచ్చింది. అక్కడ 1990ల్లో అడ్డబావులు విస్తారంగా వేశాక ఉత్పత్తి 1997లో శిఖరానికి చేరి, తర్వాత కొద్ది ఏళ్లలోనే సగానికి మించి పడిపోయింది. ఎక్కినంత వేగంగా దిగింది. బావుల్లోంచి వచ్చేదాంట్లో అధికభాగం నీరే.

ఇద్దరిలో ఎవరు గెలిచారు? సిమన్స్ ఊహించినట్టు ఘవార్ కుప్పకూలలేదు. కానీ 2019లో బాండ్లు అమ్ముకోవడానికి అరాంకో తొలిసారి పుస్తకాలు విప్పినప్పుడు ఘవార్ గరిష్ఠ సామర్థ్యం రోజుకు 38 లక్షల బ్యారెళ్లుగా తేలింది. బయట అందరూ 50 లక్షలనుకుంటున్నారు. నా మట్టుకు సిమన్స్ ప్రశ్న సరైనదే, జవాబులో తొందరపడ్డాడనుకుంటాను. నిక్షేపంలోని చమురులో సగటున మూడో వంతే బయటికొస్తుంది. ఆ వంతును పెంచడం వేరు, ఆ వంతునే ఇరవై ఏళ్లకు బదులు పదేళ్లలో తీయడం వేరు. కొమ్మల బావి రెండూ చేయగలదు. ట్రోల్‌లో అది నిజంగా కొత్త చమురు తెచ్చింది, ఎందుకంటే మరో మార్గంలో ఆ చమురు వచ్చేదే కాదు. నిటారు బావులు బాగానే పనిచేస్తున్న మందపు పొరలో అదే డిజైను వాడితే దక్కేది చాలావరకు వేగమే. వేగానికీ విలువ ఉంది, వడ్డీ లెక్కల్లో చాలా ఉంది. దాన్ని రాబడి శాతం పెరిగిందని నివేదికల్లో రాసుకోవడం మాత్రం తప్పు.

డిజైను బల్ల దగ్గర ఈ తేడా చిన్న చిన్న అంకెలుగా కనబడుతుంది. రెండు కొమ్మలు మరీ దగ్గరైతే ఒకదాని చమురు ఇంకోటి తాగుతుంది. రెండో కొమ్మ మొదటిదానంత ఇవ్వదు, నాలుగోది మరీ తక్కువిస్తుంది, ఖర్చు మాత్రం తగ్గదు. కొమ్మ మరీ పొడవైతే లోపలి రాపిడివల్ల జంక్షన్ దగ్గరి భాగం బాగా లాగి, కొస నిద్రపోతుంది. నీరు కూడా ముందు ఆ దగ్గరి భాగంలోకే వస్తుంది. రాతిలో నిలువుగా పారే దారి సులువా, అడ్డంగానా అన్నది ఇంకో ప్రశ్న. నడుమ పల్చటి మట్టి పొరలుంటే ఒక అడ్డకొమ్మ ఎంత పొడవున్నా పై అంతస్తు చమురు దానిలోకి దిగదు. అప్పుడు ఒకదానిమీద ఒకటి అంతస్తులుగా కొమ్మలు వేయాలి. వెనిజులాలోని ఒరినోకో ప్రాంతంలో 1990ల చివర్లో పెట్రోజ్వాటా సంస్థ ఇదంతా పెద్ద ఎత్తున చేసింది. అక్కడి చమురు తారులాంటిది, పాత నదుల ఇసుకపట్టీల్లో ఉంటుంది. ఒక వెన్నెముక, దాన్నుంచి రెండు పక్కలా ముళ్లు, చేప ఎముకల ఆకారం. 2007లో జాతీయీకరణతో ఆ సంస్థలో భాగస్వామి అయిన అమెరికన్ కంపెనీ కొనోకోఫిలిప్స్ వెళ్లిపోయింది.

మన దేశానికొస్తే, 1974లో సాగర్ సమ్రాట్ అనే సముద్రపు రిగ్గు కనుక్కున్న ముంబై హై కూడా ఈ జాతి నిక్షేపమే. అంతస్తులు అంతస్తులుగా ఉన్న సున్నపురాయి, నడుమ మట్టి పొరలు, పైన గ్యాసు. 1976 నుంచి తీస్తున్న ఆ నిక్షేపం 1980ల శిఖరం తర్వాత తగ్గుముఖం పట్టింది. 2000 తర్వాత ఓఎన్‌జీసీ చేపట్టిన పునరభివృద్ధి పథకాల్లో పాత బావుల పక్కగోడలు తొలిచి అడ్డబావులు, కొన్నిచోట్ల బహుశాఖల బావులు వేసింది. సముద్రంలో ప్లాట్‌ఫాం మీద బావులకు స్థలాలు పరిమితం. కొత్త ప్లాట్‌ఫాం కట్టడం కన్నా ఉన్న స్థలంలోంచి ఇంకో కొమ్మ వేయడం చౌక. 2025 జనవరిలో ముంబై హై ఉత్పత్తి పెంచే సాంకేతిక భాగస్వామిగా బీపీ కంపెనీ ఎంపికైంది.

చివరిగా కెనడా. ఆల్బర్టాలో క్లియర్‌వాటర్ అనే పల్చటి ఇసుకరాతి పొర ఉంది. దానిలో బరువైన చమురు ఉందని తెలిసినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. గత పదేళ్లలో చిన్న కంపెనీలు అక్కడ దండిగా సంపాదించాయి. రాయిని పగలగొట్టడం లేదు, ఆవిరి పంపడం లేదు. ఒక బావి దించి, పొరలో ఆరో ఎనిమిదో కొమ్మలు పక్కపక్కనే వేసి, వాటికి గొట్టం కూడా వేయకుండా నగ్నంగా వదిలేస్తున్నారు. ఆరు అంచెల వర్గీకరణలో ఇది అట్టడుగు అంచె. లోతు తక్కువ, రాయి తనంతట తాను నిలబడగలదు, కాబట్టి ఖరీదైన జంక్షన్ అక్కర్లేకపోయింది. బావి నెలల్లో పెట్టుబడి తిరిగి తెచ్చేది, మంచి ధర ఉంటే. కాకపోతే ఇలా సహజ ఒత్తిడి మీద వచ్చేది అక్కడి చమురులో కొద్ది భాగమే. అందుకే ఇప్పుడు అవే కంపెనీలు కొమ్మల నడుమ మరో వరుస కొమ్మలు వేసి వాటిలోంచి నీరు పంపుతున్నాయి, మిగిలిన చమురును పక్క కొమ్మల్లోకి నెట్టడానికి. గొట్టం లేని కొమ్మకు కవాటం బిగించడం కుదరదు. పంపిన నీరు చమురును నెడుతుందా, లేక దగ్గరి దారి చూసుకుని నేరుగా పక్క కొమ్మలో తేలుతుందా అన్నది ఒక్కో మడిలో ఒక్కో రకంగా ఉంటోంది, లెక్క బావి బావికీ వేరుగా కట్టుకోవాల్సి వస్తోంది.